నాలుగు గంటల ఇరవై నిమిషాల వాన

జ్యోతిలక్ష్మి ఏం పని చేస్తుందో రాప్తాడులో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేడ మీద గది అద్దెకిచ్చిన వెంకటలక్ష్మమ్మ కూడా రెండు మూడుసార్లు అడిగి, "ఏదో కంప్యూటర్ పనిలే" అని ఊరుకుంది.

ఆమె ఓడల ఆలస్యానికి లెక్క కట్టేది. బొగ్గు తెచ్చిన ఓడను ఇన్ని రోజుల్లో ఖాళీ చెయ్యాలని ముందే ఒప్పందం ఉంటుంది. గడువు దాటితే, సరుకు తెప్పించుకున్నవాళ్లు ఓడ యజమానికి రోజుకింత అని డెమరేజీ కట్టాలి. వాన వల్ల పని ఆగిన గంటలు మాత్రం గడువులోకి రావు. పని ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసిన కాగితం రేవు నుంచి వస్తుంది. దాన్ని పట్టుకుని బెంగళూరులోని ఒక ఏజెన్సీకి ఇంటినుంచే లెక్క తేల్చి పంపడం ఆమె ఉద్యోగం. ఏడేళ్లుగా అదే పని.

ధర్మవరంలో తండ్రి మగ్గం అమ్మేశాక ఇల్లు చెదిరిపోయింది. పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు. తల్లి పోయి మూడేళ్లు. ముప్పై తొమ్మిదేళ్ల జ్యోతిలక్ష్మి కొన్ని రోజులు నోరు తెరిచేది నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు, ఇమ్మానుయేల్ ఫోన్ చేసినప్పుడు మాత్రమే.

ఇమ్మానుయేల్ రేవులో సరుకు లెక్కలు రాసే గుమాస్తా. ఓడ ఖాళీ చేయించే కాంట్రాక్టరు దగ్గర పని. కాగితంలో ఏదైనా అర్థం కాకపోతే అతన్ని అడగమని ఆఫీసువాళ్లు నంబరిచ్చారు. మొదటి ఫోన్లోనే ఆమె యాస పట్టేశాడు.

"మేడమ్, మీది మా పక్కేనా?"

"రాప్తాడు అన్నా."

"నాది కుందుర్పి! ఈడికొచ్చి పదేండ్లాయ. మన మాట ఇని ఎన్ని దినాలైందో."

అప్పట్నుంచి ఓడ రేవులో ఉన్నన్నాళ్లూ రోజూ ఒక వాయిస్ మెసేజీ పంపేవాడు. ఎన్ని టన్నులు దిగింది, ఎప్పుడు ఆగింది, ఆకాశం ఎట్లుంది. చివర్లో ఒకటో రెండో సొంత మాటలు. క్యాంటీన్లో సంగటి దొరకదనో, భార్య కృపాకుమారి ఫోన్లో సరిగా మాట్లాడదనో, పండక్కి సెలవు ఇయ్యలేదనో. నాలుగేళ్లలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూడాలని అనుకోనూ లేదు. అయినా మధ్యాహ్నం ఫోన్ మోగకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

నిరుడు మార్చిలో ఒక బుధవారం పన్నెండూ యాభైకి మెసేజీ వచ్చింది. "మేడమ్, ఈడ ఎండ మండిపోతాండాది. చూద్దామన్నా మబ్బు లేదు. పని బాగా జరుగుతాండాది. మూడో హ్యాచ్‌లో బొగ్గు ఎంత మిగిలిందో చూసేకి దిగుతాండా. పైకొచ్చినాక ఫోన్ చేస్తా."

ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. శనివారం రేవు కాగితం వచ్చింది. బుధవారం వరుసలో 'మధ్యాహ్నం 1:10 నుంచి సాయంత్రం 5:30 వరకు వాన, పని ఆగింది' అని ఉంది. కింద కెప్టెన్ సంతకం ఉంది, గుమాస్తా సంతకం మాత్రం ఇమ్మానుయేల్‌ది కాదు.

జ్యోతిలక్ష్మి ఆ వరుసను పదిసార్లు చదివింది. మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఎవురు?"

"ఇమ్మానుయేలన్న ఉన్నాడా?"

"లేడు. పోయినాడు. నిన్న మన్ను చేసినాము."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయింది. కింద వెంకటలక్ష్మమ్మ ట్యాంకరు వచ్చిందని పిలుస్తోంది. వినపడుతున్నా లేవలేకపోయింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుందామంటే, "ఆయన నీకేమైతాడు?" అని అడుగుతారు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి అనంతపురం, కళ్యాణదుర్గం బస్సులు మారి కుందుర్పి చేరింది. చర్చి వెనక సందులో ఇల్లు. వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. ఇమ్మానుయేల్ తండ్రి యేసన్న మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. కృపాకుమారి బయటికి వచ్చి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"రోజూ మా ఆయనతో మాట్లాడింది నువ్వేనా?"

"నేనే అక్కా. ఆఫీసు పని మీద."

"పనా? ఫోన్లో నీ పేరే ఉండాది యాడ చూసినా. నాతో వారానికొకసారి మాట్లాడేకి తీరదాయనకు."

సందులో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. జ్యోతిలక్ష్మికి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. అయినా నిలబడి, "ఎట్లా జరిగింది?" అని అడిగింది.

"రేవు గేటు బయట లారీ గుద్దిందన్నారు. డ్యూటీలో లేడంట, టీ తాగేకి పోయినాడంట. కంపెనీకి సంబంధం లేదని చెప్పి, మట్టి ఖర్చులకని ఇరవై వేలిచ్చినారు." కృపాకుమారి ఒక అడుగు ముందుకొచ్చింది. "ముక్కుల్లో, చెవుల్లో అంతా బొగ్గే. నేనే కడిగినా. లారీ గుద్దితే గొంతులోకి బొగ్గు ఎట్లొస్తాది?"

"ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోయినారు?"

"రెండు గంటలకని రాసినారు."

జ్యోతిలక్ష్మి ఫోన్ తీసి బుధవారం మెసేజీ వినిపించింది. ఎండ, మబ్బు లేదు, మూడో హ్యాచ్, దిగుతాండా. హ్యాచ్ అంటే ఓడ కడుపులో బొగ్గు ఉండే గది అని, అందులో కుప్ప జారితే మనిషిని మింగేస్తుందని, వాన అని రాసిన ఆ నాలుగు గంటల ఇరవై నిమిషాలూ జనం పని ఆపి అతన్ని తవ్వి తీసి, ఆపైన జరిగినదాన్ని కప్పిపుచ్చుకున్న సమయమని వివరించింది. పోలీసులు ఓడెక్కితే ఓడ కదలదు కాబట్టి కెప్టెన్ కూడా ఒప్పుకుని సంతకం చేశాడని చెప్పింది.

కృపాకుమారి అవేవీ విన్నట్టు లేదు. "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టింది. "ఇంకోసారి." నాలుగోసారి విన్నాక అరుగు మీద కూలబడింది.

"ఇన్ని మాటలు నాతో ఒకటేసారి ఎప్పుడూ మాట్లాడలేదు" అంది.

జ్యోతిలక్ష్మి పక్కన కూర్చుంది. ఏడ్చే హక్కు తనకుందో లేదో తెలియక ఊరికే కూర్చుంది. వచ్చేటప్పుడు మెసేజీ కృపాకుమారి ఫోన్‌కు పంపింది. రేవు కాగితం నకలు కూడా ఇచ్చింది.

సోమవారం లెక్క పంపింది. బుధవారం వరుస దగ్గర 'వాన లేదు. ప్రమాదం వల్ల పని ఆగింది. సమయం లెక్కలోకి వస్తుంది' అని రాసింది. గంటలోపే మేనేజరు నాగేశ్వర ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది? బొగ్గు తెప్పించుకున్నది మన పార్టీ. రెండు లక్షల పదహారు వేలు వాళ్ల నెత్తిన పడుతుంది. కాగితంలో వాన అని ఉంటే వాన అనే రాయాలి."

"వాన పడలేదు సార్."

"నువ్వు అక్కడ ఉన్నావా?"

"ఉన్నాయన చెప్పినాడు సార్. ఆ మాట నా దగ్గరుండాది."

"చూడమ్మా, పోయినవాడు ఎలాగూ రాడు. నీ ఉద్యోగం గురించి ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. ఈ ఉద్యోగం పోతే రోజూ తనతో మాట్లాడే మనిషి ఉండడన్న భయం ఒకప్పుడు ఉండేది. ఆ మనిషే లేకుండా పోయాక భయపడడానికి ఏమీ మిగల్లేదు. "మార్చను సార్" అంది. సాయంత్రానికి ఆఫీసువాళ్లు ఆమె లాగిన్ ఆపేశారు, ఉద్యోగం పోయింది.

కళ్యాణదుర్గంలో గంగాధరప్ప అనే ముసలి వకీలు కృపాకుమారి తరఫున కేసు పట్టాడు. జ్యోతిలక్ష్మి మూడుసార్లు వాయిదాలకు వెళ్లి సాక్ష్యం చెప్పింది. కాంట్రాక్టరు తరఫు వకీలు, "మృతుడికీ మీకూ సంబంధం ఏమిటి?" అని అందరి ముందూ అడిగాడు. "దినమూ మాట్లాడుకుంటా ఉంటిమి" అని మాత్రం చెప్పగలిగింది. వెనక ఎవరో నవ్వారు. కృపాకుమారి తలెత్తి ఆ నవ్విన మనిషి వైపు చూసింది. అతను నవ్వు ఆపాడు.

పదకొండు నెలలకు కాంట్రాక్టరు దిగొచ్చాడు. ఇమ్మానుయేల్ పనిలో ఉండగానే పోయాడని ఒప్పుకుని, పరిహారం కట్టాడు. డబ్బు బ్యాంకులో పడిన రోజు కృపాకుమారి ఫోన్ చేసింది.

"దుడ్లు పడినాయి."

"మంచిదక్కా."

అవతల మేకలు అరవడం వినిపించింది.

"ఈ పక్కకొస్తే ఇంటికి రా" అంది కృపాకుమారి చివరికి.

"వస్తా."

ఇప్పుడు జ్యోతిలక్ష్మి అనంతపురంలో ఒక ఆడిటరు దగ్గర దుకాణాల పన్ను కాగితాలు రాస్తోంది. గదిలో ఆమెతోపాటు ఐదుగురు పనిచేస్తారు. మధ్యాహ్నం అందరూ కలిసి డబ్బాలు విప్పుకుంటారు. ఆమె కూడా వాళ్లతోపాటు కూర్చుని, అడిగినదానికి జవాబు చెబుతుంది. కుందుర్పికి ఇంకా వెళ్లలేదు.