సూపు చల్లార్చే సెవెరిన్

పది గంటలకు రెండు నిమిషాలు ఉందనగా సెవెరిన్ ద్రోజ్ద్ కుడిచేతి రెండు వేళ్లు పైకెత్తుతాడు. అప్పటికి ప్రొఫెసర్ సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకుంటూ ఉంటాడు. అరవై మంది సగం లేచి కోటు గుండీలు పెట్టుకుంటూ, జేబులో చెంచా ఉందో లేదో తడుముకుంటూ ఉంటారు. ఆ రెండు వేళ్లు లేస్తాయి.

"ఒక్క చిన్న విషయం, ప్రొఫెసర్ గారూ."

అరవై మంది కూలబడతారు.

యుద్ధం ముగిశాక అది రెండో చలికాలం. ఓడ్రా నది ఒడ్డున సగం కూలిన ఊరు, అందులో సగమే పైకప్పున్న సాంకేతిక విద్యాలయం. పుస్తకాలు లేవు. ఉన్నవి కాలిపోయాయి, కాలనివి జర్మన్ భాషలో ఉన్నాయి. ప్రొఫెసర్ బిలిక్ ల్వూఫ్ నగరం నుంచి పశువుల రైలుపెట్టెలో వచ్చాడు. గ్రంథాలయమంతా తలలో పెట్టుకుని వచ్చాడు. ఏ లోహం ఎంత బరువుకు వంగుతుంది, ఎంతకు విరుగుతుంది అన్నది ఆయన పాఠం. ఆయన చెప్పింది రాసుకున్నవాడికి చదువుంది, రాసుకోనివాడికి లేదు.

సూపు మాత్రం అందరికీ ఉంది, వేళకు వెళ్తే. నేలమాళిగలో హొనొరాతమ్మ పది గంటలకు బఠాణీ సూపు పోస్తుంది. రోజు మొత్తానికి అదే వేడి భోజనం. మొదట వచ్చినవాళ్లకి ఆమె గరిటె గంగాళం అడుగుదాకా దింపుతుంది. తర్వాతివాళ్లకి నడుందాకా. ఆ తర్వాత వచ్చినవాళ్లకి దక్కేది, ఇక్కడ ఒకప్పుడు బఠాణీలు ఉండేవని చెప్పే వేడినీళ్లు. సెవెరిన్ చిన్న విషయం ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాల్లో వంతెనల విభాగం వాళ్లు అడుగుదాకా తినేసి, మూతులు తుడుచుకుంటూ మెట్ల మీద ఎదురొచ్చేవాళ్లు.

"ఏం, యంత్రాల వాళ్లూ! ఇవాళ ఏం చిన్న విషయం?" అని అడిగేవాళ్లు.

ఈ అవమానమంతా ఒల్గెర్ద్ మోయాల్సి వచ్చింది. అతను క్లాసు పెద్ద. సైనికాధికారి కోటు ఉందని అందరూ కలిసి ఎన్నుకున్నారు. కోటు ఎవరిదని ఎవరూ అడగలేదు.

పోనీ, అడిగేవి పెద్ద ప్రశ్నలా అంటే అదీ కాదు.

"ప్రొఫెసర్ గారూ, దూలం మీద బరువు పెడితే కిందివైపు సాగుతుందన్నారా, పైవైపా?"

"చిన్నపిల్లలకి కూడా తెలుసయ్యా అది!"

"నేను చిన్నపిల్లవాణ్ణి కాను కదండీ. కొంచెం ఇటు తిరిగి మరోసారి చెబుదురూ."

బిలిక్ ఎర్రబడేవాడు, ఇటు తిరిగేవాడు, మొత్తం మళ్లీ చెప్పేవాడు. చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు. సెవెరిన్ నోరు తెరుచుకుని, ఆనకట్ట కడుతుంటే చూస్తున్న మనిషిలా వినేవాడు.

క్లాసు చేతనైనవన్నీ చేసింది. బతిమాలింది. చివరి బెంచీలో కూర్చోబెట్టింది; అక్కణ్ణుంచి గొంతు ఇంకా గట్టిగా వినబడింది. తొమ్మిదీ యాభై అయిదుకు నోట్లో రొట్టెముక్క కుక్కింది. మూడు నిమిషాల్లో నమిలి మింగి వేళ్లెత్తాడు. ఒకరోజు కోటు అంచును తీగతో బెంచీకి కట్టేశారు. సెవెరిన్ బెంచీతో సహా లేచాడు. దాని మీద మరో ముగ్గురున్నారు.

ఒల్గెర్ద్‌ని తొలిచింది ఆకలి ఒక్కటే కాదు. శీతాకాలపు పరీక్షలో బిలిక్ అయిదుకు అయిదు మార్కులిచ్చిన ఒకే ఒక్క కాగితం సెవెరిన్‌దే. విద్యాలయం బాయిలర్ పేలబోతే చెవి ఆనించి విని, ఒక మర బిగించి ఆపినవాడూ వాడే. అలాంటివాడికి దూలం ఎటు సాగుతుందో తెలియదా? ఒల్గెర్ద్ ఒకనాడు వాడి నోటుపుస్తకం లాక్కుని చూశాడు. రాత కోడి గీరినట్టుంది. అయినా పట్టిపట్టి చదివితే, ఆరోజు అడిగిన ప్రశ్నకు జవాబు అందులో ముందే ఉంది. కింద గీత కూడా ఉంది.

"రాసుకున్నావు కదరా! మళ్లీ ఎందుకడిగావు?"

"రాసుకున్నాను. ఆయన నోటితో చెప్తే చూడ్డానికి బాగుంటుంది."

"చూడ్డానికా?"

"సూపు చల్లారిపోతోంది, పద."

ఫిబ్రవరిలో బిలిక్ సహనం కూడా విరిగింది. ఎంత బరువుకు విరిగిందో ఆయనే లెక్కగట్టి చెప్పాడు: నూటపద్నాలుగు చిన్న విషయాలు. "ద్రోజ్ద్! ఇంకొక్క ప్రశ్న అడిగావంటే నీ పుస్తకంలో సంతకం పెట్టను." ప్రతి విద్యార్థి దగ్గరా చిన్న ఆకుపచ్చ పుస్తకం ఉంటుంది. అందులో ప్రొఫెసర్ సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు, ఏడాది పోయినట్టే. ఆ సాయంత్రం క్లాసు చేతులెత్తి తీర్మానం చేసింది: సెవెరిన్ ఇక నోరు విప్పకూడదు. అరవై మందిలో యాభై ఎనిమిది చేతులు లేచాయి. సెవెరిన్ ఎత్తలేదు. బోగ్నా ఎత్తలేదు.

బోగ్నా వార్సా నుంచి వచ్చిన అమ్మాయి. ముందు బెంచీలో ఎడమ చివర కూర్చుంటుంది. పిలిస్తే పలకదు, నవ్వితే నవ్వదు. ఒట్టి పొగరని క్లాసు తేల్చేసింది.

గురువారం పది గంటలైంది. వేళ్లు లేవలేదు. అరవై మంది ఒక్క క్షణం నమ్మలేక అలాగే నిలబడి, తర్వాత మెట్ల మీద వరదలా దిగారు. ఆరోజు గరిటె అడుగుదాకా వెళ్లింది. ఒల్గెర్ద్ గిన్నెలో బఠాణీలే కాదు, పందికొవ్వు ముక్క కూడా తేలింది.

"ఇదేమిటి హొనొరాతమ్మా, రోజూ వేస్తావా ఇది?"

"ఎప్పుడూ వేస్తూనే ఉన్నాను నాయనా. మీరెప్పుడైనా వేళకు వచ్చి చస్తేగా!"

బోగ్నా మాత్రం రాలేదు. క్లాసు పెద్ద కాబట్టి ఒల్గెర్ద్ ఆమె గిన్నె కూడా పట్టుకుని పైకి వెళ్లాడు. ఖాళీ హాల్లో ఆమె ఒక్కతే నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. వెనకనుంచి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. పక్కకు వచ్చి నిలబడ్డాక ఉలిక్కిపడింది.

"దొంగలా వస్తావేం?"

"రెండుసార్లు పిలిచాను."

"ఆలోచిస్తున్నాను." అతని వైపు తిరిగి అడిగింది. "ఆ సెవెరిన్ ఇవాళ ఏమీ అడగలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"మేమే వద్దన్నాం."

"పాపం, వాడికి ఏదీ ఒక్కసారికి బుర్రకెక్కదు. అడిగితే మీ సొమ్మేం పోయింది?"

ఒల్గెర్ద్ ఆమె పుస్తకం చూశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మధ్యమధ్య తెల్లటి ఖాళీలు, ఈ ఊరి ఇళ్లలో అద్దాలు పోయిన కిటికీల్లా. పాత పేజీల్లోనూ అలాంటి ఖాళీలే. కానీ అక్కడ ప్రతి ఖాళీలోనూ తర్వాత సన్నటి అక్షరాలు నింపి ఉన్నాయి. ఇవాళ్టివి నిండలేదు. ఆ చోట్ల బిలిక్ బోర్డు వైపు తిరిగి మాట్లాడాడని అతనికి గుర్తొచ్చింది.

ఒల్గెర్ద్ కిటికీ వైపు తిరిగి, "సూపు చల్లారిపోతోంది," అన్నాడు.

బోగ్నా ఏమీ అనలేదు.

ఇటు తిరిగి అదే మాట అన్నాడు.

"అయితే ఇలా ఇవ్వు మరి," అంది బోగ్నా.

సెవెరిన్ బాయిలర్ గదిలో దొరికాడు. మోచేతులదాకా మసి.

"నీకెలా తెలిసింది?" అన్నాడు ఒల్గెర్ద్.

ఏ సంగతి అని సెవెరిన్ అడగలేదు. "మా నాన్న బాయిలర్లు చేసేవాడు. లోపల కూర్చుని మేకులు కొట్టించేవాడు. ఆ పనివాళ్లకి ముప్ఫై ఏళ్లకే చెవులు పోతాయి. మా ఇంట్లో ఎవరూ గోడకేసి తిరిగి మాట్లాడరు. మొదటిరోజే చూశాను, ఆ పిల్ల ఆయన కళ్లు చూడదు, మూతి చూస్తుంది. బాంబులకి పోయుంటాయి."

"బిలిక్‌తో చెప్పొచ్చుగా?"

"చెప్తే వర్క్‌షాపు డాక్టరుకి తెలుస్తుంది. చెవుడున్నవాళ్లు యంత్రం ముందు నిలబడకూడదని కాగితం ఉంది. పేరు కొట్టేస్తారు."

"పోనీ, నీ నోట్సు ఇవ్వొచ్చుగా?"

"నా రాత చూశావుగా. ఇస్తే మాత్రం, ఎందుకిచ్చావంటుంది. నాకు తెలుసని ఆమెకు తెలియదు. తెలియనక్కర్లేదు."

ఒల్గెర్ద్ బొగ్గు గుట్ట మీద కూర్చున్నాడు. రేపు పరీక్షకు ముందు ఆఖరి పాఠం, నిలువు స్తంభాలు వంగటం. సోమవారం పరీక్షలో బిలిక్ అడిగేది అదే. సెవెరిన్ నోరు విప్పితే అతని ఏడాది పోతుంది. విప్పకపోతే ఆమెది.

"నేనడుగుతాను," అన్నాడు ఒల్గెర్ద్.

"ఆయనకు అనుమానం వస్తుంది. నీకు సందేహాలే రావని ఆయనకు బాగా తెలుసు." సెవెరిన్ చేతులు తుడుచుకున్నాడు. "పొద్దున్న ఏడింటికి రా. ఒకరు స్క్రూలు పట్టుకోవాలి."

ఏడింటికి ఒల్గెర్ద్ వెళ్లేసరికి హాల్లో బోర్డు పక్క గోడకు నిలువెత్తు అద్దం ఆనించి ఉంది. కూలిన మంగలి దుకాణంలోంచి తీసి, నాలుగు వీధులు సెవెరిన్ వీపు మీద మోసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి బిగించారు. తర్వాత సెవెరిన్ బోగ్నా చోట్లో కూర్చుని రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాడు.

"బోర్డు వైపు తిరిగి ఏదైనా మాట్లాడు."

ఒల్గెర్ద్ బోర్డుకు ముఖం పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "మేమంతా వెధవలం. ఏమీ అనుకోకు."

"వెధవలం అన్నది బాగా కనబడింది. తర్వాతది ఆనలేదు." లేచి, అద్దాన్ని బొటనవేలంత ఇటు తిప్పాడు. "ఊఁ, మళ్లీ అను."

ఎనిమిదింటికి బిలిక్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటిది? పాఠం చెప్పాలా, గడ్డం గీయాలా?"

సెవెరిన్ లేచాడు. "ప్రొఫెసర్ గారూ, ఇది ప్రశ్న కాదు, మనవి. మీరు బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలవాళ్లు రొట్టె తింటున్నారు. ఇకమీదట మీకు కనబడతారు."

బిలిక్ అద్దంలోకి చూశాడు. తొమ్మిదో వరసలో ఒక దవడ కదులుతూ కదులుతూ ఆగింది.

"ఇరవై రెండేళ్లు!" అన్నాడు ఆయన పరవశంగా. "ఇరవై రెండేళ్లుగా నా వీపు వెనక ఏం జరుగుతోందో ఎవరూ నాకు చెప్పలేదు!"

"ద్రోహి," అంది తొమ్మిదో వరస. "పాము," అంది పదో వరస. ఒల్గెర్ద్ తల దించుకుని కూర్చున్నాడు. బిలిక్ బోర్డు వైపు తిరిగాడు, అద్దంలో తొమ్మిదో వరసను కాపలా కాస్తూ, మీసం కింద మూతి చక్కగా కదుపుతూ రెండు గంటలు మాట్లాడాడు. ముందు బెంచీ ఎడమ చివర పెన్సిలు ఒక్కసారి కూడా ఆగలేదు.

పది గంటలకు సూపు దగ్గర సెవెరిన్ పక్కన ఎవరూ కూర్చోలేదు. అతను గిన్నె పట్టుకుని మెట్ల మీదికి వెళ్లిపోయాడు. కాసేపటికి బోగ్నా వచ్చింది.

"జరుగు. ఇవాళ కూడా ఏమీ అడగలేదు నువ్వు. అంతా అర్థమైందా?"

సెవెరిన్ పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. "ఒక్క ముక్క కాలేదు."

"అనుకున్నాను," అంది బోగ్నా. గిన్నె మెట్టు మీద పెట్టి, నోటుపుస్తకం తెరిచి, స్తంభం ఎందుకు వంగుతుందో మొదటినుంచీ చెప్పటం మొదలుపెట్టింది. సెవెరిన్ బుద్ధిగా విన్నాడు. రెండుచోట్ల తప్పుగా అర్థం చేసుకున్నాడు కూడా.