మెకానిక్ అన్న, ప్రభువు బల్ల

మార్కాపురంలో మా చర్చి సంఘపు మెకానిక్ అన్న కొన్ని నెలల్లో ప్రభువు బల్లలో, అంటే యేసును తలుచుకుని అందరం రొట్టె తినే ఆరాధనలో, పాలుపొందేవాడు కాదు. రొట్టె పళ్లెం రాగానే పక్కవాళ్లకు అందించేవాడు. ఆ నెల ఎవరిదో పాత టర్బో బండిలో పొగ తగ్గించే వాల్వు పీకేసి, ఆ చోట రేకు బిగించాడన్నమాట.

“ఆ పని మానుకోవచ్చు గదన్నా?” అన్నాను.

“మానితే నా పొయ్యిలో పిల్లి లేవదు చెల్లే.”

ఒకసారి పాస్టరు గారే తన జీపు తెచ్చారు. గిద్దలూరు దాటాక ఘాట్ రోడ్డు ఎక్కడం లేదట.

“పీకితే బాగా లాగుతాది అయ్యగారూ. పొగ మాత్రం ఎనక నడిచేటోళ్ల ముక్కుల్లోకి పోతాది.”

“సువార్త పనికే గదన్నా!”

“పొగకు ఆ సంగతి తెలవదు గదయ్యా,” అని నవ్వి, చేసిపెట్టాడు.

ఆ ఆదివారం కూడా పళ్లెం దాటించాడు. పాస్టరు గారు వంగి, “బండి నాది గదన్నా, తీసుకో,” అన్నారు మెల్లగా.

“చేసింది నా చెయ్యి అయ్యగారూ.”

అందరి తర్వాత పాస్టరు గారు తీసుకోవాలి. ఆయన తన రొట్టెముక్కను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రొట్టె పంచేటప్పుడు పాడే పాట అయిపోతే, మేము దాన్నే రెండోసారి ఎత్తుకున్నాం. ఆయన తిన్నారో లేదో చూడలేక నేను కళ్లు మూసుకున్నాను.