పదహారో అణా భాగస్తుడు

1946 మార్చి నెలాఖరు. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఒక మేడగది అద్దెకు తీసుకుని ఇన్‌కం టాక్స్ వ్యవహారాలు చూస్తుండేవాణ్ణి. వ్యాపారుల లెక్కలు సరిచూడటం, వాళ్ల తరఫున గుంటూరులో ఆఫీసరు ముందు హాజరు కావడం నా వృత్తి. మార్చి వస్తే నాకు కోపం రాని రోజంటూ ఉండేది కాదు. ఏడాది పొడవునా ఎవరికీ గుర్తుండని నేను, నెలాఖరులో అందరికీ ఒక్కసారే గుర్తొస్తాను.

ఆ సాయంత్రం గదికి తాళం వేయబోతుంటే ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. నకరికల్లు రైతు కోటయ్య, బస్సుల షెడ్డులో మెకానిక్ మస్తాన్, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే దేవసహాయం మాస్టారు. ముగ్గురూ కలిసి శెనక్కాయలు ఒలిచే మిషను పెట్టారు. దాన్ని డికార్టికేటర్ అంటారు. ఆయిల్ ఇంజనుతో తిరుగుతుంది, కాయ పోస్తే పప్పు, పొట్టు వేరు చేస్తుంది. ఎవరి ఉద్యోగం, ఎవరి సేద్యం వాళ్లు మానకుండా, పంట చేతికొచ్చిన నెలల్లో మాత్రం నడుపుకునే వ్యాపారం. మస్తాన్ భార్య నగలు తాకట్టు పెట్టి ఇంజను కొన్నారు.

"టాక్సు పడితే మిషను అమ్ముకోవటమే," అన్నాడు మస్తాన్ నాతో. "రిజిస్ట్రేషన్ చేపిస్తే పడదంట గదా పంతులు గారూ?"

ఆ మాట నిజమే. భాగస్తుల వ్యాపారాన్ని ఫర్మ్ అంటారు. దాన్ని సెక్షన్ 26-ఎ కింద రిజిస్టర్ చేయిస్తే లాభాన్ని విడదీసి, ఎవరి వాటా మీద వారికే పన్ను లెక్కగడతారు. వీళ్ల వాటాలు విడివిడిగా చూస్తే పన్ను పడేంత ఉండవు. రిజిస్టర్ కాకపోతే లాభమంతా ఒకటే పద్దు, పన్ను తప్పదు. అయితే వాటాలు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి, దరఖాస్తు మీద భాగస్తులందరూ స్వయంగా సంతకం చేయాలి. లెక్కల సంవత్సరం ముగిసేలోగా అది తన బల్ల మీద ఉండాలని మా ఆఫీసరు పట్టుబట్టేవాడు. అంటే మర్నాటికల్లా.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?" అన్నాను.

"శెనక్కాయలు ఒలుస్తన్నాం," అన్నాడు కోటయ్య.

దస్తావేజు నా చేతికిచ్చాడు. ఊళ్లో ఎవరో లేఖరి స్టాంపు కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ముగ్గురికీ తలా అయిదణాల వాటా. బాగానే ఉందనుకుంటూ నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను. శ్రీ త్రికోటేశ్వర స్వామివారు, నివాసం కోటప్పకొండ, వాటా ఒక అణా.

"ఇదేమిటయ్యా?"

"రూపాయికి పదారణాలు గదండీ," అన్నాడు కోటయ్య. "తలా అయిదు తీసుకుంటే ఒకటి మిగిలింది. దాన్ని ఎవురికి ఇచ్చినా మిగతా ఇద్దరికీ కష్టమే. అందుకని సామికి రాశాం."

"మరి దరఖాస్తు మీద ఆయన సంతకం?"

కోటయ్య కాస్త ఆలోచించాడు. "పూజారిగారు పెడితే చెల్లదా?"

తల పట్టుకున్నాను. దేవుడికి ధర్మం చేయడం వేరు, దేవుణ్ణి తెచ్చి వ్యాపారంలో కూర్చోబెట్టడం వేరని చెప్పాను. అణాకు పన్నెండు దమ్మిడీలు కనుక, తలా నాలుగు దమ్మిడీలు కలుపుకుంటే అయిదణాల నాలుగు దమ్మిడీల చొప్పున తెగిపోతుందనీ, ఆ తర్వాత ఎవరి వాటాలోంచి వాళ్లు కొండకు ఎంతైనా ఇచ్చుకోవచ్చనీ చెప్పాను. మస్తాన్, మాస్టారు వెంటనే సరేనన్నారు. కోటయ్య మాత్రం ససేమిరా అన్నాడు. స్వామికి రాసినదాన్ని వెనక్కి తీసుకోవడం వాళ్ల ఇంటా వంటా లేదట.

"మావా, నా ఇంటిదాని నగలు షావుకారు పెట్టెలో ఉన్నయ్," అన్నాడు మస్తాన్. "నీ సామి మీద నాకేం కోపం లేదు. కాయితంలో పేరు లేకపోతే ఆయనేమన్నా కొండ దిగి పోతాడా?"

"నువ్వెన్నన్నా చెప్పు. నా చేత్తో నేను కొట్టెయ్యను."

చట్టం చెప్పాను, బతిమాలాను, కసిరాను. గోడకు చెప్పుకున్నట్టయింది. పొద్దున రైలుకు గుంటూరు చేరాలి. అవతల స్టాంపులమ్మే ఆయన దుకాణం కట్టేసి ఇంటికి పోతాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతసేపూ దస్తావేజు చదువుకుంటున్న మాస్టారు తలెత్తాడు.

"కోటయ్యా, ఇందులో 'లాభనష్టములు రెంటికిని' అని రాశారు. నష్టమొస్తే సామి గూడా అణా వంతు కట్టాల."

"ఏంది?"

"ఇంజను పగిలిందనుకో. అప్పులోళ్లు మనల్ని అడిగినట్టే ఆయన్నీ అడుగుతారు."

కోటయ్య ముఖం పాలిపోయింది. "సామిని అప్పుల్లోకి దించుతానా నేను?"

"మరి ఆయన వంతు నష్టం ఎవరు కడతారు?" అని నేను అందుకున్నాను.

"మేమే," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"అయితే భాగస్తులు మీ ముగ్గురే. ఇందాకటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే."

స్వామికి అప్పు అంటకుండా ఉండాలంటే పేరు తీసెయ్యక తప్పదని కోటయ్య ఒప్పుకున్నాడు. స్టాంపులాయన్ని విస్తరి ముందు నుంచి లేపి, ఆయన చేత నాలుగు చీవాట్లు తిని, కొత్త కాగితం తెచ్చాను. దస్తావేజు తిరగరాసి సంతకాలు పెట్టించాను. మర్నాడు మాచర్ల నుంచి వచ్చే రైలెక్కి గుంటూరు వెళ్లాం. అడిగినదానికి అవును, కాదు తప్ప ఇంకేమీ మాట్లాడవద్దని దారి పొడవునా కోటయ్యకు నూరిపోశాను.

ఆఫీసరు కాగితాలన్నీ చూసి, అలవాటు ప్రకారం అడిగాడు. "మీ ముగ్గురికి తప్ప ఇందులో ఇంకెవరికైనా వాటా ఉందా?"

"ఇంకొకాయన ఉన్నాడండి," అన్నాడు కోటయ్య చేతులు కట్టుకుని. "లాభంలో ఉంటాడు, నష్టంలో ఉండడు."

అది కొండకు ఇచ్చుకునే ధర్మమండీ, వాటా కాదండీ అని గబగబా విన్నవించాను. ఆఫీసరు కళ్లజోడు తీసి కోటయ్య వైపు చూశాడు.

"నష్టం భరించనివాణ్ణి భాగస్తుడనరయ్యా."

"చిత్తం. తమరు గూడా అంతే గదండీ. లాభమొస్తేనే గదా మా కాడికొచ్చేది."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. మస్తాన్ కళ్లు మూసుకున్నాడు. మిషను పోయినట్టేననుకున్నాను నేను, కోటయ్య పీక నొక్కాలన్నంత కోపం వచ్చింది. ఆఫీసరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. కలం అందుకుని, దరఖాస్తు అందినట్టు తేదీ వేసి సంతకం చేశాడు. కొద్ది రోజులకు రిజిస్ట్రేషన్ మంజూరైంది. మిషను నిలిచింది.

ఆ తర్వాత ఎన్ని దస్తావేజులు చూశానో లెక్కలేదు. ఎవరు వచ్చినా మొదట వాటాల మాట ఎత్తను, నష్టమొస్తే ఎవరు కడతారని అడుగుతాను. లాభం ఎవరిదంటే పేర్లు చెప్పడానికి అందరూ తొందరపడతారు. నష్టం మాట వచ్చేసరికి తోడబుట్టినవాళ్లు కూడా ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. నన్ను అంతలా ఏడిపించిన ఆ ముగ్గురు మాత్రం ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేదు.