చెప్పుల పక్కన కూర్చున్నవాళ్ళు

ఆ వీడియో నేను మొదట చూసింది శెట్టి అంగట్లో. చింతపండు కోసం వెళ్ళాను. శెట్టి తూకం మధ్యలో ఆపి ఫోను నావైపు తిప్పాడు.

"ఈ పిల్లోడు మీ చర్చీ ఆమె కొడుకే గదమ్మా?"

హైదరాబాదులో ఏదో రోడ్డు. డివైడరు మీదికెక్కి ఆగిన కారు. మా వీధిలో పుట్టి, టీవీలో కబడ్డీ ఆడి, కర్నూలు దాకా ఫ్లెక్సీల్లో నిలబడ్డ పిల్లవాడు పోలీసు జీపు ఎక్కుతూ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. తాగి కారు నడిపాడట. దెబ్బలు ఎవరికీ తగల్లేదు.

అంగట్లో బండల ఫ్యాక్టరీ కూలీలు ఇద్దరు బీడీలకొచ్చి నిలబడి ఉన్నారు.

"రైడుకు పోయినాడప్పా. డివైడర్ను ముట్టినాడు గానీ వాపసు రాలేకపాయె."

"గొట్టం పెట్టి ఊదమంటే కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టింటాడు. అందుకే అంత చూపించింది మిషను."

శెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక కూడా లోపల ఏదో తియ్యగా మిగిలింది. రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషిని, అది పాపమని తెలియకపోలేదు. నాకు సంతోషమేసింది.

వాళ్ళమ్మా నేనూ ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. బేతంచెర్లకు దగ్గరే మా ఊరు. ఎటు చూసినా బండలు, బండల దుమ్ము. ఇద్దరం పాతికేళ్ళుగా ఒకే చర్చిలో, స్త్రీల కూటంలో ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళం. నేను వాక్యం చెప్పడం మొదలుపెడితే పుస్తకం తెరవనక్కర్లేదు. ఆమె పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. కొడుకు కప్పు గెలిచిన ఏడాది నుంచి ముందువరసలో కుర్చీ ఆమెదే. కూటానికి కార్యదర్శిని నేను. చాపలు పరిచేది నేను. పాస్టరయ్య ప్రసంగంలో తల్లుల ప్రార్థన గురించి మాట వస్తే చూపు పోయేది ఆమె వైపు. మా కూటంలో అందరికంటే ఎక్కువ ఉపవాసాలు ఉన్నది నేను. ఆ సంగతి దేవునికి తెలిస్తే చాలని పైకి అనేదాన్ని. చాలలేదు.

ఇంతకీ నా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన ఫ్యాక్టరీలో బండలకు పాలిష్ పట్టే పనిలో ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట ఒక నెల మొదటి ఆదివారం, క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభు బల్ల ఉన్న రోజు, పొద్దున్నే తాగి మోటారు సైకిలు మీద వచ్చి చర్చి గేటుకు గుద్దాడు. గేటు వంగింది. మా సంఘంలో ఒక నియమం ఉంది. తాగి దొరికినవాణ్ణి బల్ల నుంచి ఆపేస్తారు. మళ్ళీ రొట్టె ముట్టాలంటే సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. పెద్దలు సంఘాన్ని కూర్చోబెట్టి, ఆపడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ నా మొహం చూశారు. నేనే ముందు చెయ్యెత్తాను.

"మొగుడైనా సరే, నియమం నియమమే," అన్నాను.

ఆ రోజంతా నన్ను మెచ్చుకున్నారు. ఆమె కూడా నా చెయ్యి పట్టుకుని, "నీ అంత విశ్వాసం నాకు లేదక్కా," అంది. ఆ మాట చాలాకాలం దాచుకున్నాను.

ఏడాది తిరగకముందే ఆయన తాగుడు మానేశాడు. కానీ సంఘం ముందు నిలబడలేదు. మామూలు ఆదివారాలు వెనక వరసలో కూర్చుంటాడు. బల్ల ఉన్న ఆదివారం మాత్రం లోపలికి రాడు. బయట మెట్టు మీద, చెప్పులు విడిచేచోట కూర్చుంటాడు. ఒకసారి అడిగాను, ఒక్కమాట ఒప్పుకుంటే అయిపోతుంది కదా అని.

"ఒప్పుకునేది ఎంతసేపు," అన్నాడు. "నువ్వు చెయ్యెత్తినావు సూడు, అది నాకు ఇంగా దిగలా."

అప్పటి నుంచి మళ్ళీ అడగలేదు. ఆయన లేకుండా రొట్టె తీసుకోవడం నాకు అలవాటైంది. అలవాటైందనే అనుకునేదాన్ని.

అందుకే ఆ వీడియో చూశాక నా కాళ్ళు నేరుగా పెద్దాయన ఇంటికి నడిచాయి. సంఘ పెద్దల్లో ఆయనే అందరికన్నా పాతవాడు.

"అయ్యా, వచ్చే ఆదివారం బల్ల ఉండాది. ఆ పిల్లోడు బెయిలు మీద ఇంటికొస్తాడంట. నియమం గుర్తు చేద్దామని వచ్చినా."

"వాని పేరు మన పట్టీలో యాడుందమ్మా? హైదరాబాదు చర్చీలో ఉంటాది."

"పోయిన పండక్కి ఈడే రొట్టె తీసుకున్యాడు గదయ్యా."

"ఇప్పటికే శానా నలిగినాడు. ఫోన్లో, టీవీలో. ఇంగ మనం గూడా ఏం నలిపేది?"

"మా ఇంటాయన నలగలేదా?"

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవడం ఎంతకీ అయిపోలేదు. నేను లేచి వచ్చేశాను.

శుక్రవారం వాళ్ళ ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. కడప నుంచి కూడా చుట్టాలు వచ్చారు. వాకిలి నిండిపోయి మనుషులు వీధిలోకి కూర్చున్నారు. శెట్టి భార్య, మా దేవుడు ఎవరో సరిగా తెలియని మనిషి, బిందెతో మజ్జిగ పంపింది. మా ఆయన గేటు గుద్దిన వారం మా ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. పడటంలో కూడా పెద్దవాళ్ళకొక రకం, మాకొక రకం ఉందా అనుకున్నాను. ఆమె కొడుకు గెలిచినప్పుడు పడ్డ ఈర్ష్య ఒక ఎత్తు. వాడు పడిపోతే ఆమెకు దొరికిన ఆ జనాన్ని, ఆ కన్నీళ్ళను చూసి పడ్డ ఈర్ష్య ఇంకో ఎత్తు.

ప్రార్థన నడిపించమని నన్నే అడిగారు. నడిపించాను. బాగా చేశావన్నారు. అందులో ఒక్క మాట కూడా నాది కాదు. పిల్లవాడు లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

ఆదివారం వచ్చాడు. తలకు టోపీ, మూతికి గుడ్డ. గేటు బయట నలుగురు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. వాణ్ణి ఎవరూ ఆపలేదు. పాస్టరయ్య రమ్మని చెయ్యి కూడా ఊపాడు. వాడు లోపలికి రాలేదు. చెప్పుల దగ్గర, మా ఆయన పక్కన కూర్చున్నాడు.

పాస్టరయ్య బల్ల దగ్గరికి పిలిచాడు. ముందువరసలోంచి ఆమె లేచింది. అందరికన్నా ముందు రొట్టె ఆమెదే అనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగింది. నడవలో మా అందరి మధ్యగా నడిచి బయటికి పోయింది. మా ఆయన జరిగి చోటిచ్చాడు. కొడుక్కి అటుపక్కన ఆమె కూర్చుంది.

నా నోట్లో రొట్టె ఉంది. తలుపులోంచి ముగ్గురి వీపులు కనపడుతున్నాయి. మా ఆయన ఏదో అన్నాడు, ఆ పిల్లవాడి భుజాలు కదిలాయి. నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నా ఇంట్లో విని చాలా ఏళ్ళయింది. నాలుగేళ్ళుగా ఆ మెట్టు మీద చోటు ఉంది. నేను ఒక్క ఆదివారం కూడా అక్కడ కూర్చోలేదు. చదువురాని ఆమెకు ఆ పని ఎలా తట్టిందో, నాకెందుకు తట్టలేదో తెలియక ఒళ్ళు మండిపోయింది. నాకున్న ఈర్ష్యలన్నిటిలో అదే పెద్దది.

ఆ మధ్యాహ్నం సంగటి పెడుతూ అన్నాను, "నేను ఆ పొద్దు చెయ్యెత్తిండకూడదు."

ఆయన సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసుకున్నాడు.

"నాకు చెప్తే ఏముండాది? యాడ ఎత్తినావో ఆడ చెప్పు."

మరుసటి నెల బల్లకు ముందు, ఎవరి అనుభవం వాళ్ళు లేచి సాక్ష్యంగా చెప్పేవేళ నేనూ లేచాను. నియమం తప్పని అనలేదు. ఇప్పటికీ అనను. "నేను చెయ్యెత్తింది పాపం మీద కోపంతో కాదు. మీరందరూ నన్ను చూడాలని ఎత్తినా. నాలుగేండ్లుగా మా ఆయన బయట ఉంటే, నేను మంచిదాన్ననిపించుకుంటా ఈడ తిన్యా," అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పెద్దాయన "కూర్చోమ్మా" అన్నాడు. ముందువరసలో ఆమె కుర్చీ ఆ రోజు ఖాళీగా ఉంది. కొడుకు మీద విచారణ ఉందని హైదరాబాదు వెళ్ళింది. ఆమె ఉంటే ఏమనేదో అనే ఆలోచన అప్పుడు కూడా వచ్చింది. మెచ్చుకునేదేమో అని కూడా వచ్చింది. దాన్ని పట్టుకుని నేలకేసి కొట్టాను. చచ్చిందో లేదో తెలియదు.

ఆ రోజు నేను బల్ల ముట్టలేదు. బయటికొస్తే మెట్టు మీద ఆయన లేడు. ఇంటికి పోయి చూస్తే మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. చర్చి మైకు కొమ్ము మా వీధి వైపే ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"వీధంతా విన్యారు," అన్నాడు.

"నువ్వు?"

"నేనూ వీధిలోనే ఉండ్యా గదా."

ఒలిచిన గింజలు దోసెడు నా చేతిలో పోశాడు.

"తెల్లచొక్కాకు గుండీ ఊడిండాది," అన్నాడు. "వచ్చే నెల మొదటి ఆదివారం లోపల కుట్టిపెట్టు."

ఎందుకని నేను అడగలేదు. ఆ పూటే కుట్టాను.