బేకరీలో అమ్మమ్మ

సన్నీవేల్‌లో మా ఆఫీస్ పక్కన కొత్తగా బేకరీ తెరిచారు. నిన్న అటు వెళ్తుంటే వేడి రొట్టె వాసనకు అమ్మమ్మ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్ళు. పిస్కాటవేలో ఉండేవాళ్ళం. యానాం నుంచి మా ఇంటికి వచ్చిన అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు. షాపుల్లో ఎవరైనా పలకరిస్తే తల దించుకునేది. ఆమెకు చదువే రాదనుకుని, నేను నాలుగడుగులు దూరంగా నడిచేదాన్ని.

ఒక శనివారం అమ్మ మమ్మల్ని చిన్న బేకరీకి తీసుకెళ్ళింది. కౌంటర్ వెనక తెల్లజుట్టు ఆవిడ ఫోన్‌లో ఫ్రెంచ్ మాట్లాడుతోంది. అమ్మమ్మ నిలబడిపోయి విన్నది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యగానే పైట సర్దుకుని ముందుకెళ్ళి, "బోంజూర్ మదామ్" అంది. ఇక ఆగలేదు. ఇద్దరూ చాలాకాలానికి కలిసిన స్నేహితుల్లా మాట్లాడుకున్నారు. చివరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, పొడవాటి రొట్టెను కాగితంలో చుట్టి రెండు చేతులతో అందించింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

కార్‌లో అడిగాను. "అమ్మమ్మా, నువ్వు ఫ్రాన్స్ ఎప్పుడు వెళ్ళావ్?"

"నేనెక్కడికీ వెళ్ళలేదమ్మా. వాళ్ళే మా యానాం వచ్చారు. బళ్ళో వాళ్ళ భాషే చెప్పేవారు. కొట్లోకెళ్తే ముందు బోంజూర్ అనాలి, బేరం తర్వాత అనేది మా టీచరమ్మ."

ఒక దేశం దేశమంతా అమ్మమ్మను చూడటానికి వచ్చిందనుకున్నాను. వాళ్ళు మనల్ని ఏలడానికి వచ్చారని హైస్కూల్లో చదివాక గాని తెలియలేదు. ఆ రోజు మాత్రం వెనక సీట్లో అమ్మమ్మ భుజానికి ఆనుకుని, ఇంకో ఫ్రెంచ్ మాట చెప్పమని ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉన్నాను.