శుక్రవారం కోసిన కొమ్మ

దేవుడితో నాకు పేచీ ఉంది గానీ ఒక పాదిరీతో స్నేహం ఉంది. ఆయన పోయి కొన్ని వందల ఏళ్ళయింది. ఇంగ్లండులో ఓ చిన్న ఊరి చర్చి ఆయనది. పుస్తకాల ముందు కూర్చుని నడుము పట్టేస్తే తోటలోకి వెళ్ళి, గోడవారన బేరిపళ్ళ చెట్లకు అంట్లు కట్టేవాడు. ప్రసంగం మీద కన్నా పళ్ళ మీదే ధ్యాస ఎక్కువని ఊళ్ళో గుసగుసలు. వెన్నెల పెరిగే రోజుల్లోనే అంటు కట్టాలని తోటమాలులు అంటే, రెండు విధాలా కట్టి చూసి, తేడా లేదని తన తోటపని పుస్తకంలో రాశాడు. ఆ పేజీ దగ్గరే నేను ఆయనకు దాసోహమయ్యాను.

అప్పట్లో మేముండే నేపర్‌విల్‌లో, ఇంటి వెనక, నా భార్య నాటిన బేరి చెట్టు కింద ఆ పుస్తకం చదువుతుంటే ఆమె నవ్వేది.

"జీవితమంతా పంతుళ్ళతో పోట్లాడి, చివరికి పాదిరీ పంచన చేరారా?"

ఆమె లెక్కలో శుక్రవారం చెట్టుకు కత్తి తగలకూడదు. చెట్టుకి వారాలు తెలుసా అని అడిగేవాణ్ణి.

"చెట్టుకి తెలియదు. మీకు తెలుసుగా."

హేతువాద సభల్లో ఎందరి నోళ్ళో మూయించినా, ఇంట్లో ఆమె మాటే చెల్లేది. శనివారం దాకా కత్తెర గరాజ్‌లోనే ఉండేది.

ఆమె పోయాక ఇల్లు అమ్మి, ఎక్కడో దూరాన హెర్న్‌డన్‌లో కూతురి దగ్గరికి మారాల్సి వచ్చింది. చెట్టుని ఎలా వదలడం?

"నాన్నా, నర్సరీలో సేమ్ వెరైటీ దొరుకుతుంది. ఆర్డర్ చేసేస్తాను" అంది కూతురు.

శాస్త్రం కూతురి పక్షమే. ఆ రకం చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి వచ్చిన అంట్లు. ఈ మాట ఇంకెవరైనా కాదని ఉంటే చీల్చి చెండాడేవాణ్ణి. అయినా నాకు ఆ చెట్టే కావాలి.

పాదిరీ చెప్పినట్టు, చెట్టు నిద్రపోయే చలికాలంలో కొమ్మ కోశాను. కావాలనే శుక్రవారం కోశాను. మంచులో నిలబడి, కత్తెర తెరిచి, వంటింటి తలుపు వైపు కాసేపు చూశాను. ఎవరూ వద్దనలేదు.

ఆ కొమ్మ తడిగుడ్డలో, కూతురి ఫ్రిజ్‌లో, కొత్తిమీర కట్ట పక్కన చలికాలం గడిపింది. చలి తగ్గాక వాళ్ళ పెరట్లోని అలంకారపు బేరికి అంటు కట్టాను. ఆ చెట్టు ఒళ్ళంతా తెల్లగా పూస్తుంది, పూలు మాత్రం చేపల కంపు. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్ళేవాణ్ణి. అంటు మీది మొగ్గ నల్లగానే ఉండేది.

నిన్న చిగురు విచ్చింది. శుక్రవారం కోసిన కొమ్మ బతికింది. మా కాపురమంత పాతదైన వాదంలో నేనే నెగ్గాను.

ఆమె ఒప్పుకునేదా? "నా చెట్టు కాబట్టి బతికింది" అనేది. ఆ మాట వినిపించని పెరట్లో, కాఫీ చల్లారేదాకా నిలబడ్డాను.