మామ కెమెరా, దాదీ కొండ

ముందే చెబుతున్నాను. ఇది చదివాక మీ ఇంట్లో పాత కెమెరా ఏదైనా ఉంటే, అల్లుడి కంట పడకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. మల్కాజ్‌గిరిలో కాపురం, సికింద్రాబాద్‌లో ఆఫీసు, మధ్యలో లోకల్ ట్రైన్. ఇంత బుద్ధిగా బతుకుతున్న నేను, సైనిక్‌పురిలో మా మామ ఇంట్లో, టీ కప్పు చేత్తో పట్టుకుని, ఎటు పారిపోవాలో తెలియక ఎలా నిలబడిపోయానో చెబుతాను.

మా మామ సుబేదారుగా రిటైరయ్యారు. పెళ్లికి ముందు మూడేళ్లు మంచుకొండల్లో, స్పితి వైపు ఒక సరిహద్దు పోస్టులో పనిచేశారు. పోస్టుకు ఎదురుగా ఒక కొండ. నడుం వంగిన ముసలమ్మలా ఉంటుందని పటాలమంతా దాన్ని 'దాదీ' అని పిలిచేవారట. పొద్దున్నే దాదీకి సలాం కొట్టనిదే టీ తాగేవారు కాదట. ఆ రోజుల్లో అక్కడ ఫోటోలు తీయడం నిషేధం. దాంతో మామ మోజుపడి కొన్న కెమెరా మూడేళ్లూ ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పుడు పర్మిట్ తీసుకుంటే మనలాంటివాళ్లు కూడా వెళ్లొచ్చు. కానీ మామ మోకాళ్లు అరిగిపోయాయి. అంత ఎత్తుకు వెళ్తే గుండెకు తాను పూచీ కాదని డాక్టరు గారు కూడా చెప్పేశారు.

"కండ్లు మూస్తె చాలు, దాదీ కనపడుతుండె అల్లుడా. ఈ నడుమ జెర మసకైతుంది. ఇంకో రెండేండ్లైతే మొత్తం మర్చిపోతనేమో," అన్నారు ఒక ఆదివారం.

నాకు నిజంగానే మనసు కలుక్కుమంది. ఫోన్లో ఒక ఫోటో తీసుకొస్తానంటే సరిపోయేది కదా! కానీ అప్పటికే నేను పాత రీలు కెమెరాల మీద ఇరవై వీడియోలు చూసి ఉన్నాను. ఇరవై వీడియోలు చూసినవాడితో దేవుడు కూడా వాదించలేడు.

"ఫోన్ల తీసింది ఒక ఫోటోనా మామా? మీ కెమెరాతోనే తీస్త, రీలు మీద. దాదీ మీ గోడ మీదికి వస్తది, చూడుండ్రి."

ఆ సాయంత్రమే ఆయన ఒక ఫ్రేము కొనుక్కొచ్చారు. టీవీ పైన మేకు కొట్టి, ఖాళీ ఫ్రేమునే తగిలించి, కుర్చీ దాని ఎదురుగా వేసుకున్నారు. నేను బయల్దేరడానికి ఇంకా పది రోజులున్నాయని చెప్పినా వినలేదు.

ప్రయాణం రోజు మా అత్తమ్మ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వచ్చారు. ఆమెకు కొత్త మిక్సీ అయినా, పాత స్కూటర్ అయినా, బొట్టు పెట్టనిదే మొదలు కాదు.

"రాహుకాలం వచ్చేస్తుంది బిడ్డా, ఆ లోపల రీలు ఎక్కించు!"

"ఆగు అల్లుడా," అన్నారు మామ. "ఇటియ్యి. రీలు కొస పట్టుకుందో లేదో నేను జెర చూస్త."

"నాకు తెల్వదా మామా? ఇరవై వీడియోలు చూసిన."

"రెండు నిమిషాలే ఉంది!" అత్తమ్మ కేక.

రీలు కొసను అందిన సందులో దూర్చి, ఠప్పున మూత వేశాను. అత్తమ్మ కెమెరా నెత్తిన బొట్టు పెట్టారు. అందరం దానికి దండం పెట్టుకున్నాం. మా ఆవిడ స్వప్న మాత్రం పక్కకు పిలిచి, "ఎందుకైనా మంచిది, ఫోన్ల సుత ఒకటి తియ్యి," అంది.

"నన్ను అవమానిస్తున్నవ్ స్వప్నా," అన్నాను నేను. అప్పుడు నా చెంప ఛెళ్లుమనిపించేవాళ్లు ఎవరూ లేకపోవడం నా దురదృష్టం.

రైలు, బస్సు, జీపు, ఆపైన నా రెండు కాళ్లు. అక్కడ పది అడుగులు వేస్తే ఇరవై నిమిషాలు ఆయాసం. అయినా ఫోన్ ఆఫ్ చేసి సంచి అడుగున పడేశాను. దాదీ ఎదురుగా మూడు రోజులు కూర్చుని, వెలుగు కొలిచి, ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశాను. జీపు డ్రైవరు ఫోన్ తీస్తే, "వద్దు భాయ్, కళకు ఓపిక కావాలి," అని హిందీలో ఉపన్యాసం కూడా ఇచ్చాను. ముప్పై ఆరు ఫోటోల రీలు మీద నలభై ఒకటి వచ్చాయి! పాతకాలపు సరుకు, చేతికి ఎముక లేకుండా ఇస్తుంది అని మురిసిపోయాను. రీలు కెమెరా వాడినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. మిగతావారు ఒక్క నిమిషం ఆగండి.

సికింద్రాబాద్‌లో ఇంకా రీళ్లు కడిగే స్టూడియో ఒకటుంది. ఊరు చేరగానే రీలు అక్కడ ఇచ్చాను. మర్నాడు దాని యజమాని రాజన్న కడిగిన రీలును లైటుకు ఎత్తి పట్టి నా మొహం చూశాడు. రీలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ.

"సార్, ఫోటో తీసినంక లివర్ తిప్పినప్పుడల్లా కెమెరా ఎడమ దిక్కు ఈ బిళ్ల తిరిగిందా?"

"అది తిరగాల్నా?"

రాజన్న కుర్చీ జరిపాడు. "కూసోండ్రి సార్. మంచినీళ్లు తాగుండ్రి. కొస పట్టుకోలే. రీలు ఉన్నకాడనే ఉంది. మీరు నలభై ఒక్కసార్లు ఉత్తగనే టిక్కు టిక్కుమనిపిచ్చిండ్రు."

ఇంతలో మామ ఫోన్. "ఆదివారం యాప్రాల్ నుంచి మా పటాలం దోస్తులిద్దరు వస్తున్నరు అల్లుడా. దాదీని చూడనీకి! ఫోటో మంచిగ వచ్చిందా?"

"మస్తు వచ్చింది మామా," అంది నా నోరు. నన్ను అడగలేదు.

ఇక దొంగతనమే దారి. మ్యాపులో ఆ కొండకున్న పేరు పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే, ఎవరో విదేశీ యాత్రికుడు తీసిన ఫోటో ఒకటి దొరికింది. వంగిన నడుం, మంచు, మబ్బు, అన్నీ ఉన్నాయి. రంగు తీసేసి, పాత ఫోటోలా నాలుగు మచ్చలు కూడా వేయించాను. మరి మూడు రోజులు ఎదురుగా కూర్చుని చూసిన కొండే కదా, తేడా తెలియలేదా అంటారా? ఆ మూడు రోజులూ నేను చూసింది కెమెరాను.

"రేపేమన్నయితే నా పేరు చెప్పకుండ్రి సార్," అన్నాడు రాజన్న, ప్రింటు చేతికిస్తూ.

ఆదివారం. పొద్దున్నే వెళ్లి ఫోటోను ఫ్రేములో బిగించి, గుడ్డ కప్పి, టీ కప్పుతో పక్కన నిలబడ్డాను. దోస్తులిద్దరూ ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. మామ ఫ్రేము మీది గుడ్డ లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం దగ్గరికి జరిగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశారు. తర్వాత దోస్తుల వైపు తిరిగారు.

"క్యా సాబ్, ఏమంటరు?"

ఒకాయన మీసం దువ్వుకున్నాడు. "దాదీయే. కానీ..."

"అల్లుడా," అన్నారు మామ చాలా శాంతంగా, "నువ్వు ఏడ నిలబడి తీసినవ్ ఇది?"

"మీ పోస్టు ఎదురుంగనే మామా. ఆ రాళ్ల గోడ పక్కన."

"ఆహా. మా పోస్టు నుంచి దాదీ మొహం కనపడుతది. ఇది వీపు. ఇగో, ఈ కింది మైదానం మా వైపు లేనే లేదు. ఈ ఫోటో తియ్యాల్నంటే అవుతలి దేశంల నిలబడాలె." ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "అటు నుంచి ఇటు ఈగ సుత రాకుండ మేం ముగ్గురం మూడు చలికాలాలు గడ్డకట్టి సచ్చినం. నీకు పాస్‌పోర్టే లేదు గదా బిడ్డా, ఎట్ల పోయినవ్?"

దోస్తులిద్దరూ సోఫాలో పడి నవ్వుతున్నారు. స్వప్న నన్ను చూసిన చూపును రాయడానికి తెలుగులో మాటలు చాలవు. రాహుకాలం దగ్గర మొదలుపెట్టి, ఖాళీ రీలు దాకా అన్నీ ఒప్పుకున్నాను. "తప్పయింది మామా. మీ దాదీని తేలేకపోయిన," అన్నాను. ఫ్రేము దించబోయాను.

"ఉండనియ్యి," అన్నారాయన. చాలాసేపు ఆ ఫోటోను చూశారు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లో, వేరే నీళ్లో తెలియదు, కళ్లు తుడుచుకున్నారు. "మూడేండ్లు మొహమే చూసినం. వెనక ఎట్లుంటదో అని రోజు అనుకుంటుంటిమి. పోయి చూస్తే కాలుస్తరాయె. ఇగో, ఇయ్యాల చూసిన." తర్వాత కూతురి వైపు తిరిగారు. "అమ్మా, మొహం మాత్రం నువ్వు పోయి ఫోన్ల తీసుకురా. ఈయనను తోల్కపో, సంచులు మోస్తడు."

కావున సకల జనులకూ తెలియజేయునది ఏమనగా: కొస పట్టిందో లేదో చూడకుండా ఇకమీదట ఏ మూతా వెయ్యను. ఎదురుగా కొండ ఉండగా కెమెరాను చూస్తూ కూర్చోను. అబద్ధమాడక తప్పకపోతే ఆడతానేమో గానీ, ఆ అబద్ధాన్ని మాత్రం సరిహద్దు దాటనివ్వను.